మూడేళ్లు వాడిన ఫోను: తప్పు బ్యాటరీదా, ఎండదా, అప్‌డేట్‌దా?

ఈ ఫోను 2022 శ్రావణంలో కొన్నాను. కొన్న వారానికే రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి, వాటిలో కెమెరా గురించీ, తెర గురించీ ఉంటుంది. ఇది మూడు ఎండాకాలాలు దాటాక రాస్తున్నది. కంపెనీ పేరు రాయను. రాస్తే చదివేవాళ్ల దృష్టంతా ఆ పేరు మీదకే పోతుంది. నేను పడిన తిప్పలు మాత్రం ఏ కంపెనీ ఫోనుకైనా వచ్చేవే.

పద్దెనిమిది వేల చిల్లర పెట్టాను. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 33 వాట్ల ఛార్జర్, 6 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 12తో వచ్చింది. నేను రొయ్యల మేత కంపెనీలో టెక్నీషియన్‌ని. ఉండేది నెల్లూరు జిల్లా కావలిలో. తుమ్మలపెంట, బోగోలు, జువ్వలదిన్నె, అల్లూరు వైపు రొయ్యల గుంటలన్నీ బండి మీద తిరగాలి. రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో ఫొటో తీసి పంపడం, నీళ్ల రీడింగులు షీట్‌లో ఎక్కించడం, రోజుకి యాభై అరవై కాల్స్. ఫోను చేతిలో లేకపోతే బండి ట్యాంక్ కవర్ జేబులో ఉంటుంది. ఈ జేబు సంగతి మళ్లీ వస్తుంది.

మొదటి ఏడాదిన్నర చెప్పడానికేమీ లేదు. పొద్దున ఆరింటికి ఛార్జర్ తీస్తే రాత్రి పదికి ఇంకా 30 శాతం ఉండేది. ఆండ్రాయిడ్ 13 అప్‌డేట్ వచ్చిందని కూడా నాకు ఆలస్యంగా తెలిసింది, అంత మామూలుగా జరిగిపోయింది.

2024 మేలో కథ మొదలైంది. తుమ్మలపెంట దగ్గర ఒక పెద్దాయన గుంటలో రాత్రి పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టి అమ్మడం. ఐస్ బండి వచ్చింది, కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతున్నాయో కౌంట్ చూస్తున్నారు, కాటా మీద బరువు ఫొటో తీసి పంపాలి. ఫోనులో 31 శాతం ఉంది. కెమెరా తెరిచి ఫ్లాష్ కొట్టగానే తెర నల్లబడిపోయింది. బటన్ నొక్కి పట్టుకుంటే ఆన్ అయి, 4 శాతం అని చూపించి, మళ్లీ ఆరిపోయింది. పవర్ బ్యాంక్ తగిలిస్తే రెండు నిమిషాల్లో 27 శాతం అంది. పెద్దాయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. "ఏందబ్బయా, నీ ఫోనుకి గూడా ఆక్సిజన్ పడిపోయిందా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఫొటో వేరేవాళ్ల ఫోనుతో తీయించుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే ఆండ్రాయిడ్ 14 అప్‌డేట్ ఎక్కించాను. కాబట్టి నేరస్థుడు దొరికిపోయాడు అనుకున్నాను. దానికి తోడు ఫోను మధ్యాహ్నం పూట నత్తలా నడిచేది, సాయంత్రం నాలుగింటికే ఛార్జింగ్ అయిపోయేది. కావలిలో మొబైల్ షాపతను బ్యాటరీ పోయిందన్నాడు. నెల్లూరులో సర్వీస్ సెంటర్ అబ్బాయి ఫోను చూడకుండానే "రెండేళ్లు కావస్తోంది కదన్నా, కొత్తది తీసుకోండి" అన్నాడు. మా బావమరిది ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యమన్నాడు, అంటే ఫోనులో ఉన్నదంతా చెరిపేసి కొత్తదానిలా చెయ్యడం. నేను బావమరిది మాట విన్నాను. రెండు రోజులు పోయాయి. బ్యాంకు యాప్‌లన్నీ మళ్లీ రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది, పాత గుంటల ఫొటోలు కొన్ని పోయాయి. మూడో రోజు 28 శాతం దగ్గర ఫోను మళ్లీ ఆరిపోయింది. అందరూ మొదట చెప్పే సలహా రీసెట్. నన్నడిగితే అది అన్నిటికంటే చివర చెయ్యాల్సిన పని.

అప్పుడు నాకు మా గుంటల పద్ధతే గుర్తొచ్చింది. రొయ్య మేత తినకపోతే వెంటనే మందు చల్లం. ముందు నీళ్లు చూస్తాం, తర్వాత నేల, ఆ తర్వాత రొయ్య. ఒక్కటి మార్చి మిగతావి కదపకుండా చూస్తే గానీ కారణం దొరకదు. ఫోనుకీ అదే చేశాను.

పొద్దున అయిదున్నరకి, చల్లగా ఉన్నప్పుడు, 90 శాతం ఛార్జింగ్‌తో అదే షీట్, అదే కెమెరా తెరిచాను. చకచకా నడిచింది. అంటే ఫోను ముసలిదై నెమ్మదించడం కాదు. అదే పని మధ్యాహ్నం ఒంటిగంటకి గట్టు మీద చేస్తే టైపు చేసిన అక్షరం ఆలస్యంగా పడుతోంది, తెర వెలుతురు దానంతటదే తగ్గుతోంది. నీడలో పావుగంట పెడితే మళ్లీ మామూలే. కాబట్టి నెమ్మదించడానికి కారణం వేడి. ఇక రాత్రి పూట, చల్లగానే ఉన్నప్పుడు, 30 శాతం దగ్గర ఫ్లాష్‌తో వీడియో తీస్తే ఆరిపోయింది. ఛార్జర్ తగిలించి అదే 30 శాతం దగ్గర తీస్తే ఆరలేదు. ఆరిపోవడం బ్యాటరీ పని. మిగిలింది ఛార్జింగ్ త్వరగా అయిపోవడం. అందులో బ్యాటరీకి ఎంత వాటా, అప్‌డేట్‌కి ఎంత వాటా అన్నది తేలడానికి ఇంకో నెల పట్టింది.

ముందు వేడి సంగతి. చిప్ వేడెక్కితే తన వేగం తనే తగ్గించుకుంటుంది. దాన్నే థ్రాట్లింగ్ అంటారు. అది జబ్బు కాదు, కాపాడుకోవడం. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ రాసి ఉంచింది. మా జిల్లాలో 35 డిగ్రీలంటే చల్లటి రోజు! రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో నల్లటి ట్యాంక్ కవర్ జేబులో ఇనప ట్యాంకు మీద ఫోను పెట్టుకుని తిరిగిన నేను ఇంకెవరిని తిట్టను? జేబు మార్చాను. ఇప్పుడు ఫోను భుజం సంచిలో తెల్ల తువ్వాల మడతలో ఉంటుంది. దళసరి రబ్బరు కవర్ కూడా తీసేశాను. మధ్యాహ్నపు నత్తనడక సగం పైగా పోయింది.

బ్యాటరీ దగ్గర నాకు చాలాకాలం అర్థం కానిది ఒకటుంది. 31 శాతం ఉన్నప్పుడు ఎలా ఆరిపోతుంది? లిథియం బ్యాటరీ పాతబడితే రెండు జరుగుతాయి. పట్టే కరెంటు తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఈ రెండోదే అసలు దొంగ. మిద్దె మీద ట్యాంకులో నీళ్లుంటాయి, పైపులో పాచి పేరుకుని ఉంటుంది. ఒక కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి, నాలుగు ఒకేసారి తిప్పితే ధార పడిపోతుంది. కెమెరా, ఫ్లాష్, ఇంటర్నెట్ ఒకేసారి ఆన్ కావడం నాలుగు కుళాయిలు తిప్పడమే. వోల్టేజీ ఒక్క క్షణం ఉండాల్సిన గీత కంటే కిందకి దిగితే ఫోను ఆరిపోతుంది. శాతం అబద్ధం చెప్పలేదు, ధార లేదంతే.

అక్యూబ్యాటరీ అనే యాప్ ఉంది. ఛార్జింగ్ పెట్టినప్పుడల్లా లోపలికి ఎంత కరెంటు వెళ్లిందో లెక్కేసి కెపాసిటీ అంచనా చెబుతుంది. ఒక్కసారికి నమ్మకూడదు, పదిసార్లు పెట్టాక నాకు 3,640 దగ్గర నిలబడింది. అంటే 5,000లో 73 శాతం. రెండేళ్లకే ఇంతలా ఎందుకు తగ్గింది? వేడి ఒకటి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసి, తెల్లారేదాకా వందలో ఉంచడం రెండోది. ఈ రెండూ కలిస్తే బ్యాటరీ ఇంకా త్వరగా అరుగుతుంది. "రాత్రంతా అట్టా పెట్టబాకండి" అని మా ఆవిడ చెబుతూనే ఉంది, ఆమె చెప్పింది ఛార్జర్ పేలుతుందేమోనని. కారణం వేరైనా మాట నిజమే.

ఇక అప్‌డేట్. పెద్ద అప్‌డేట్ తర్వాత రెండు మూడు రోజులు ఫోను వేడెక్కడం, ఛార్జింగ్ తాగడం మామూలే, లోపల యాప్‌లన్నిటినీ మళ్లీ సర్దుకుంటుంది. నాకు మూడు వారాలైనా తగ్గలేదు. బ్యాటరీ వాడకం పేజీ చూస్తే మొబైల్ నెట్‌వర్క్ పేరు మీద చాలా పోతోంది. నేను కొన్నప్పుడు మన దేశంలో 5జీ లేదు, 2022 అక్టోబరులో మొదలైంది. అప్‌డేట్ తర్వాత నా ఫోనులో నెట్‌వర్క్ సెట్టింగ్ దానంతటదే 5జీకి మారిపోయింది. సముద్రం ఒడ్డు గుంటల దగ్గర ఆ సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. ఫోను రోజంతా 4జీకి, 5జీకి మధ్య ఊగిసలాడుతూ టవర్ వెతుక్కుంటోంది. 4జీ మాత్రమే అని పెట్టాను. ఆ రోజు సాయంత్రం నాలుగుకి అయిపోయే ఛార్జింగ్ ఏడింటిదాకా వచ్చింది. ఇంకో బగ్ కూడా ఉండేది, కాల్ మాట్లాడుతుంటే తెర ఆరకుండా చెంప తగిలి మ్యూట్ పడేది. రైతులు "ఏందన్నా, పలకవు?" అని కసురుకునేవాళ్లు. అది జులైలో వచ్చిన ప్యాచ్‌తో, అంటే చిన్న దిద్దుబాటు అప్‌డేట్‌తో పోయింది. ఆ ప్యాచ్ వివరాల్లో మాత్రం "స్థిరత్వం మెరుగుపరిచాం" అని ఒకే ఒక ముక్క ఉంది.

అసలు కోపం ఇక్కడే, ఏం మార్చారో చెప్పకపోవడం మీద. యాపిల్ సంగతే చూడండి. 2017 జనవరిలో వచ్చిన ఐఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఐఓఎస్ 10.2.1 పాత బ్యాటరీలున్న ఐఫోన్ 6, 6ఎస్ లాంటి వాటిని నెమ్మదింపజేసింది. యాపిల్ ఆ మాట ఒప్పుకున్నది అదే ఏడాది డిసెంబరులో, జనం పట్టుకున్నాక. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దించింది, 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఎంత అరిగిందో చూపే బ్యాటరీ హెల్త్ పేజీ ఇచ్చింది, 2020లో అక్కడి కేసు రాజీకి 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి ఒప్పుకుంది. చాలామంది దీన్ని మోసం కథలా చెబుతారు. నా లెక్క కొంచెం వేరు. వాళ్లు నెమ్మదింపజేసింది ఫోను హఠాత్తుగా ఆరిపోకుండా. పట్టుబడి రాత్రి నా ఫోను ఆరిపోయే బదులు నెమ్మదిగానైనా నడిచి ఉంటే నేను దండం పెట్టేవాణ్ని. తప్పు చెప్పకపోవడంలో ఉంది. 2025 జనవరిలో తన పిక్సెల్ 4ఎ ఫోన్లలో కొన్నిటికి అప్‌డేట్‌తో బ్యాటరీ కెపాసిటీ తగ్గించినప్పుడు గూగుల్ కనీసం ముందే చెప్పి, బ్యాటరీ ఉచితంగా మారుస్తామనో డబ్బిస్తామనో అంది. నా ఫోనులో అయితే ఇప్పటికీ బ్యాటరీ హెల్త్ అనే పేజీయే లేదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లకు 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం మిగలాలన్న నిబంధన వచ్చింది. మనకి అలాంటిదొస్తే బాగుండు.

బ్యాటరీ రెండుసార్లు మార్చాను. మొదటిది బయట షాపులో, తొమ్మిది వందలు. పైన 5,000 అని అచ్చేసి ఉంది, యాప్‌లో 3,900 దాటలేదు. నాలుగు నెలలకి వెనక మూత ఒక మూల లేచింది. బ్యాటరీ ఉబ్బిందని అర్థమై ఆ క్షణమే ఆపేశాను. అలా లేస్తే నొక్కి మూసేయకండి, ఛార్జింగ్ పెట్టకండి, సూది లాంటిది అసలు తగలనివ్వకండి. రెండోది సర్వీస్ సెంటర్‌లో, రెండు వేలకి కొంచెం తక్కువ. ఫోను చూడకుండా కొత్తది కొనమన్న చోటే, ఈసారి వేరే అమ్మాయి కౌంటర్‌లో ఉంది, గంటన్నరలో చేసిచ్చింది. దాంట్లో 4,900 చూపించింది. ఆరిపోవడం ఆ రోజుతో ఆగింది.

ఆ తర్వాత ఒక ఎండాకాలం మొత్తం నడిచింది. ఇప్పుడు 80 దగ్గర ఛార్జర్ తీసేస్తాను, ట్యాంక్ కవర్ జేబులో బండి కాగితాలుంటాయి. రాత్రి తొమ్మిదికి 35 దాకా మిగులుతోంది. ఇదే ఫోను మళ్లీ కొంటానా? పద్దెనిమిది వేలకి తెర, స్పీకర్, బాడీ బాగా ఆగాయి, రెండుసార్లు గట్టు మీద పడినా గాజు పగల్లేదు. కానీ బ్యాటరీ ఎంత అరిగిందో చెప్పని ఫోను ఇంకోటి కొనను. కొత్త ఫోను చూసేటప్పుడు షాపులో నేనడిగే మొదటి ప్రశ్న ఇప్పుడదే. కెమెరా తర్వాత.

నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు వెంటనే ఎక్కిస్తాను, బ్యాంకు యాప్‌లున్నాయి కాబట్టి. పెద్దదైతే పది రోజులు ఆగుతాను. మూడు రోజుల నుంచీ ఒకటి పైన కూర్చుని ఉంది, రెండు జీబీ పైమాటే. ఎల్లుండి రాత్రి అల్లూరు దగ్గర పట్టుబడి ఉంది. అది అయ్యాకే.