షికాగోలో బర్జెస్ పెట్టెలు: చదువు ఉచితం, బస బాదుడు

సమాజశాస్త్రవేత్త ఎర్నెస్ట్ బర్జెస్ పాత కాగితాల పెట్టెలు చూడ్డానికి షికాగో యూనివర్సిటీకి వెళ్లి, అది ఉన్న హైడ్ పార్క్ పేటలో అద్దె గది తీసుకునేవాళ్లు బిల్లు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. రాత్రికి 112 డాలర్లని చూపించి, తీరా దిగాక క్లీనింగ్‌కి 70, ఆలస్యంగా వచ్చామని 25, తువ్వాళ్లకి 8 లాగారు. హీటర్ మూలగడమే తప్ప గది వేడెక్కలేదు. ఫోన్ చేస్తే "రూల్స్‌లో ఉంది కదా" అని పెట్టేశాడు ఓనరు. మా ఆవిడ కోటు వేసుకునే పడుకుంది. "పాత కాగితాల కోసం ఇంత దూరమా?" అని పొద్దున కాఫీ దగ్గర కూడా ముభావమే.

యూనివర్సిటీ వాళ్ల రీజెన్‌స్టైన్ లైబ్రరీలో మాత్రం మర్యాదంటే మర్యాదే. పాత కాగితాలు భద్రపరిచే స్పెషల్ కలెక్షన్స్ విభాగంలో ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుని, కావలసిన పెట్టెలు ముందే అడిగి పెట్టుకోవాలి. సంచులు లాకర్లో, చేతిలో పెన్సిల్ మాత్రమే. పైసా తీసుకోలేదు.

ఈ యూనివర్సిటీలో సోషియాలజీ (సమాజశాస్త్రం) శాఖ 1892లో ఆల్బియన్ స్మాల్‌తో మొదలైంది. తర్వాత వచ్చిన రాబర్ట్ పార్క్ అంతకుముందు విలేకరి. ఆయనా, ఎర్నెస్ట్ బర్జెస్ కలిసి జనాన్ని కలిసి రాసుకురమ్మని విద్యార్థుల్ని ఊరి మీదికి పంపేవారు. నగరం నడిబొడ్డు నుంచి బయటికి ఎలా పెరుగుతుందో చూపే బర్జెస్ అయిదు వలయాల బొమ్మ 1925 నాటిది. డిగ్రీ పిల్లలకి బోర్డు మీద దాన్ని గీసి చెప్పడమే గానీ, దాని వెనక ఇంతమంది కాలినడక ఉందని ఈ పెట్టెలు తెరిచాకే ఒంటబట్టింది. ఆ విద్యార్థుల టర్మ్ పేపర్లు, ఇంటర్వ్యూలు ఇందులోనే ఉన్నాయి.

ఆ విద్యార్థుల్లో ఒకరైన నెల్స్ ఆండర్సన్ కాగితాలు అన్నిటికన్నా నన్ను కదిలించాయి. పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగే కూలీల మీద 1923లో పుస్తకం వేసినాయన. తనూ అలా తిరిగినవాడే. అచ్చులో ఒకటి రెండు వాక్యాలకు కుదించుకుపోయే కూలీ ఇక్కడ తన కథంతా చెప్పుకుంటాడు. మా ఆవిడ ఊరికే తొంగి చూసి, కూర్చుని, మధ్యాహ్నానికి ఇంకో ఫోల్డర్ అడిగింది! మన హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరిని పరిశీలించిన సమాజశాస్త్రవేత్త ఎస్.సి. దూబే బృందం అక్కడ రాసుకున్న నోట్సు కూడా ఇలా ముందేసుకుని చదవాలని ఎంత ఆశ పుట్టిందో.

వెళ్లేవాళ్లు బస డౌన్‌టౌన్‌లో పెట్టుకోండి. మెట్రా ఎలక్ట్రిక్ రైలెక్కి 59వ వీధి స్టేషన్‌లో దిగితే నడిచిపోవచ్చు. వారాంతం పెట్టుకోవద్దు, కనీసం రెండు పనిరోజులు ఉంచుకోండి. ఒక్క పూటలో బర్జెస్ పెట్టెలు తెమలవు.