మిలానా, టోక్యోనా? స్నేహితులతో బైక్ షోకి ఏది మేలు

బైకులంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు ఈ మధ్య నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, నలుగురం కలిసి డబ్బులు దాచుకుంటున్నాం. ఒక్కసారి బయటి దేశంలో పెద్ద బైక్ షో చూసి రావాలి. మిలాన్ వెళ్లమంటావా, టోక్యో వెళ్లమంటావా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు తీరిగ్గా రాస్తే నయమనిపించింది.

మా నలుగురం 2024 నవంబరులో మిలాన్ వెళ్లాం. దానికి నాలుగేళ్లు దాచుకున్నాం. ఆ తర్వాత మాలో ఒకతనికి ఆఫీసు పని మీద టోక్యో పక్కనే ఉన్న యోకొహామాలో ఆరు నెలలు ఉండాల్సి వచ్చింది. ఉండటానికి గది దొరికిందని మిగతా ముగ్గురం 2025 మార్చిలో టోక్యో షోకి బయల్దేరాం. ఐదు నెలల్లో రెండూ చూశాం కాబట్టి తేడాలు బాగా గుర్తున్నాయి.

మిలాన్ షో పేరు ఐక్మా. 1914లో మొదలైంది, ఏటా నవంబరులో జరుగుతుంది. నగరం చివర రో అనే చోట, మెట్రో ఎర్ర లైను ఆఖరి స్టేషన్ పక్కనే ఎగ్జిబిషన్ ప్రాంగణం. మేం వెళ్లిన ఏడాది ఆరు రోజుల్లో 6 లక్షలకు పైగా జనం వచ్చారు. 2,000కు పైగా బ్రాండ్లు ఉన్నాయి. ఒక హాలు చూసి బయటకు వచ్చేసరికి పూట గడిచిపోతుంది. అలాంటి హాళ్లు ఇంకా వరుసగా ఉంటాయి. బయట మైదానంలో రేసులు, స్టంట్లు వేరే.

మిలాన్ గొప్పతనం ఏమిటంటే, కొత్త బండికి తెర తీసేది అక్కడే. మన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్, కాంటినెంటల్ జీటీ 650లను ప్రపంచం మొదటిసారి చూసింది 2017 ఐక్మాలో. అవి మన రోడ్ల మీదకు వచ్చింది మరుసటి ఏడాది. మేం వెళ్లినప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల దగ్గర బేర్ 650, క్లాసిక్ 650, ఎలక్ట్రిక్ ఫ్లయింగ్ ఫ్లీ ఉన్నాయి. హీరో వాళ్ల దగ్గర ఎక్స్‌పల్స్ 210, ఎక్స్‌ట్రీమ్ 250ఆర్, కరిజ్మా 250 ఉన్నాయి. డుకాటీ, బీఎమ్‌డబ్ల్యూ, హోండా కొలువు తీరిన చోట మన బండి చుట్టూ ఇటాలియన్లు మూగి ఫొటోలు తీసుకుంటుంటే మా నలుగురికీ మాట రాలేదు. స్ప్లెండర్ మీద కాలేజీకి వెళ్లిన వాళ్లం మేం. హీరో స్టాల్ దగ్గర అరగంట అలాగే నిలబడిపోయాం. ఈ ఒక్క సంతోషం కోసమైనా మిలాన్ వెళ్లొచ్చు అంటే నేను కాదనను.

మరి చిక్కెక్కడ? మేం చేసిన తప్పు శనివారం వెళ్లడం. మొదటి రెండు రోజులు విలేకరులకు, వ్యాపారులకు. మామూలు జనానికి గురువారం నుంచి. టికెట్లు, విమానం, హోటల్ అన్నీ చూసుకుని శుక్రవారం రాత్రికి దిగాం. శనివారం పొద్దున లోపలికి వెళ్లిన పది నిమిషాలకే ఇద్దరం ఇటు, ఇద్దరం అటు అయిపోయాం. సాయంత్రం దాకా ఫోన్‌లలో "నువ్వెక్కడ, నేనిక్కడ" అనుకోవడమే సరిపోయింది. ఒకే బండి ముందు నలుగురం కలిసి నిలబడి మాట్లాడుకున్నది రోజంతటిలో రెండుసార్లు.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడే ఉంది. స్నేహితులతో షోకి వెళ్లేది బండ్లను కళ్లతో చూడటానికే అయితే ఇంట్లో కూర్చుని వీడియోలు చూసినా చాలు. కెమెరా మనకంటే దగ్గరికి వెళ్తుంది. అంత దూరం వెళ్లేది ఎక్కి కూర్చోవడానికి. హ్యాండిల్ పట్టుకుని, సైడ్ స్టాండ్ తీసి, బండి బరువు తొడల మధ్య తూకం చూసుకుని, కాలు నేలకు ఆనుతుందో లేదో తెలుసుకోవడానికి. పక్కన ఉన్న స్నేహితుడు "వీపు వంగుతోంది రా, ఇది నీకు కుదరదు" అని చెప్పడానికి.

మాలో ఒకతను ఐదడుగుల నాలుగంగుళాలు. పదేళ్లుగా ఎగుడుదిగుడు దారుల్లోనూ వెళ్లే అడ్వెంచర్ బండి కొనాలని అతని కోరిక. ఎవరిని అడిగినా సీటు ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పి భయపెట్టేవాళ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సీటు 825. ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 400ఎక్స్ సీటు 835. క్లాసిక్ 350 సీటు 805. కాగితం మీద చూస్తే అంకె తక్కువున్న బండి మీదే కాలు బాగా ఆనాలి. కానీ ఆ అంకె సగం నిజమే చెబుతుంది. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు పరుచుకుని కాలు పొట్టిదవుతుంది. సన్నగా ఉంటే కాలు నిటారుగా దిగుతుంది. పైగా సస్పెన్షన్ మెత్తగా ఉన్న బండి మనిషి కూర్చోగానే కిందికి దిగుతుంది, గట్టిగా ఉన్నది దిగదు. అందుకే పెద్ద అంకె ఉన్న బండి మీద మడమ ఆని, చిన్న అంకె ఉన్న బండి మీద మునివేళ్ల మీద నిలబడాల్సి రావచ్చు. ఇది ఎక్కి కూర్చుంటేనే తెలుస్తుంది. అదీ ఒకదాని తర్వాత ఒకటి వెంటవెంటనే ఎక్కితేనే. కూకట్‌పల్లిలో ఒక షోరూం, ఎల్బీ నగర్‌లో ఇంకో షోరూం తిరిగి పోల్చుకుందామంటే, రెండోది ఎక్కేసరికి మొదటిది ఒంటికి గుర్తుండదు.

మిలాన్‌లో ఎక్కనివ్వరని కాదు, చాలా బండ్లు ఎక్కనిస్తారు. కానీ శనివారం అక్కడ వరుస అంటూ ఉండదు. ఎవరు ముందుకు తోసుకెళ్తే వాళ్లదే వంతు. మా మిత్రుడికి మొహమాటం ఎక్కువ. రోజంతా తిరిగితే మూడు బండ్లు ఎక్కాడు, ఒక్కోదాని మీద అర నిమిషం కూర్చున్నాడేమో. వెనక నిలబడ్డవాళ్లు అప్పటికే హ్యాండిల్ మీద చెయ్యి వేస్తున్నారు. ఆ రాత్రి హోటల్‌లో అతను ఏమీ అనలేదు గానీ, మాకు మాత్రం మనసు చివుక్కుమంది.

టోక్యోలో అతన్నే చూశాను. షో మార్చి చివర్లో టోక్యో బిగ్ సైట్ అనే ఎగ్జిబిషన్ సెంటర్‌లో, మూడు రోజులు. జనం లక్షకు పైనే వస్తారు. మిలాన్‌తో పోలిస్తే చిన్నది. కానీ ఎక్కి కూర్చోవడమే అక్కడ పండగ. జపాన్ భాషలో 'అషిత్సుకి' అనే మాట ఉంది, కాలు నేలకు ఎలా ఆనుతుందో చెప్పే మాట. అక్కడి బైక్ పత్రికల్లో బండిని పరీక్షించిన మనిషి ఎత్తు, అతని కాళ్లు ఆనిన ఫొటో కూడా వేస్తారు. కంపెనీలూ దాన్ని అంత పట్టించుకుంటాయి. హోండా సీఆర్ఎఫ్ 250ఎల్‌ను జపాన్‌లో 2020 చివర్లో కొత్తగా తెచ్చినప్పుడు మామూలు రకం సీటు ఎత్తు 830 పెట్టి, 880 కావాలనే వాళ్లకు వేరే రకం ఇచ్చారు. తక్కువ ఎత్తే అక్కడ మామూలు, పొడుగువాళ్లదే ప్రత్యేకం. ఐదున్నర అడుగుల లోపు వాళ్లకు ఈ మాట వింటేనే ప్రాణం లేచి వస్తుంది.

ఒక్కో బండి దగ్గర చిన్న వరుస. వంతు రాగానే ఒక అమ్మాయో అబ్బాయో బండి పక్కన నిలబడి, పడిపోకుండా చెయ్యి వేసి, తల వంచి రమ్మంటారు. మన బ్యాగు పెట్టుకోవడానికి బుట్ట ఉంటుంది. దిగేవరకు వెనకవాళ్లు చెయ్యి వేయరు. మా మిత్రుడు శుక్రవారం మధ్యాహ్నం ఒక్కదానిలోనే పదకొండు బండ్లు ఎక్కాడు. ముగ్గురం పక్కన నిలబడి మడమల కింద ఎంత సందు ఉందో చూస్తూ, ఫోన్‌లో రాసుకుంటూ గడిపాం. మేం నలుగురం అనుకున్న షో ఇదే.

కొత్త బండ్లు లేవా అంటే, ఉన్నాయి, తక్కువ. ఆ ఏడాది అందరూ మూగింది హోండా సీబీ1000ఎఫ్ కాన్సెప్ట్ (అమ్మకానికి ముందు చూపే నమూనా) దగ్గర. దాన్ని కూడా మొదట చూపింది వారం ముందు జరిగిన ఒసాకా షోలో. 1980ల నాటి రేసర్ ఫ్రెడ్డీ స్పెన్సర్ బండిని గుర్తుకు తెచ్చే వెండి, నీలం రంగులు. తల నెరిసినవాళ్లు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. మన బండ్లు అక్కడా ఉన్నాయి, వేరే పేరుతో. మనం హైనెస్ సీబీ350 అనేదాన్ని వాళ్లు జీబీ350 అంటారు. సుజుకీ వీ-స్ట్రోమ్ 250ఎస్ఎక్స్ మన దేశంలో తయారై అక్కడికి వెళ్తుంది. గర్వం విషయంలో మాత్రం మిలానే ముందుంటుంది, అందులో సందేహం లేదు.

షోకి ఒకటిన్నర రోజు చాలు. మిగతా రోజుల సంగతి కూడా చూడాలి. మిలాన్ నుంచి వేగం రైలులో గంట పైన కొద్ది నిమిషాల్లో బొలోన్యా. అక్కడి బోర్గో పనిగాలేలో డుకాటీ ఫ్యాక్టరీ, మ్యూజియం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైకిల్‌కు తగిలించుకునే చిన్న ఇంజన్‌తో బండ్ల తయారీలోకి వచ్చిన కంపెనీ మోటోజీపీ రేసు టైటిళ్ల దాకా ఎలా వచ్చిందో వరుసగా బండ్లే చెబుతాయి. ఫ్యాక్టరీ లోపలికి వెళ్లాలంటే ముందే బుక్ చేసుకోవాలి. కోమో సరస్సు ఒడ్డున మాండెల్లోలో మోటో గుజ్జీ బైక్ కంపెనీ ఉంది, 1921 నుంచి అక్కడే. వాళ్ల మ్యూజియం తెరిచి ఉందో లేదో, వేళలేమిటో ముందే చూసుకుని వెళ్లండి.

టోక్యో నుంచి అయితే హమామత్సు. బుల్లెట్ రైలులో రెండు గంటల లోపే. హోండా కంపెనీ 1948లో పుట్టింది ఆ ఊళ్లోనే. సుజుకీ 1909లో మగ్గాల తయారీతో మొదలైందీ అక్కడే. యమహా మోటార్ పక్కనే ఇవాటాలో. మూడు కంపెనీలూ ఒకే చుట్టుపక్కల! వాళ్ల బండ్లు చూపించే సుజుకీ ప్లాజా, యమహా కమ్యూనికేషన్ ప్లాజా రెండింటికీ ప్రవేశం ఉచితం. సుజుకీకి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మా నాన్న ఆర్‌ఎక్స్ 100 శబ్దం విని గేటు తీయడానికి పరుగెత్తిన రోజులు నాకు గుర్తు. ఇవాటాలో యమహా పాత రెండు స్ట్రోకుల బండ్ల ముందు నిలబడి ఆయనకు వీడియో కాల్ చేశాను. బొలోన్యా మ్యూజియం ఎంత అందంగా ఉన్నా, నాకు అది వేరేవాళ్ల ఇల్లు. హమామత్సు మాత్రం మన ఊరి వీధుల్లో తిరిగిన బండ్ల పుట్టిల్లు.

బండి నడపాలనుకుంటే కూడా టోక్యోకే నా ఓటు. మన ఆర్టీఏ ఆఫీసులో ఏడాదికి ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్ జపాన్‌లో చెల్లుతుంది. అందులో మోటార్‌సైకిల్ గడికి ముద్ర ఉందో లేదో ఇక్కడే చూసుకోండి. మనలాగే ఎడమవైపు నడపాలి. టోక్యోకు దగ్గరి హకోనే కొండల్లో ఒక రోజు అద్దె బండ్ల మీద తిరిగాం, చలికి గ్లవ్స్ తప్పనిసరి. మిలాన్‌లో నవంబరు అంటే పొగమంచు, వాన, ఐదింటికే చీకటి. అద్దెకు తీసుకోవాలని అనిపించలేదు.

మిలాన్‌కు అనుకూలంగా చెప్పాల్సినవీ ఉన్నాయి. శాకాహారులకు ఇటలీలో ఇబ్బందే లేదు. పిజ్జా, పాస్తా, చీజు ఎక్కడైనా దొరుకుతాయి. జపాన్‌లో కూర అనుకున్నదాంట్లో కూడా చేపల రసం ఉంటుంది. మాలో ఒకతను నాలుగు రోజులు అన్నం, పండ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న పొడులతో గడిపాడు. షెంగెన్ వీసాకు పెద్దలకు 90 యూరోల ఫీజు ఉన్నా, దానితో యూరప్‌లో ఇంకా చాలా దేశాలు కూడా తిరిగి రావచ్చు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు కాబట్టి నవంబరు షోకి వేసవిలోనే అపాయింట్‌మెంట్ తీసుకుంటే టెన్షన్ ఉండదు. మేం వెళ్లినప్పుడు జపాన్ వీసా ఫీజు మనకు చాలా తక్కువ. హోటల్ ధరలు రెండు చోట్లా మండుతాయి. మిలాన్‌లో షో వల్ల, టోక్యోలో చెర్రీ పూల కాలం వల్ల. హైదరాబాద్ నుంచి రెండింటికీ నేరుగా విమానం లేదు.

నేరుగా విమానం కావాలంటే జర్మనీలోని కొలోన్ షో ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి గంట రైలు. 2024లో డిసెంబరుకు మార్చారు. అప్పటికి కొత్త బండ్లు చాలావరకు మిలాన్‌లో చూపించేసి ఉంటారు. బర్మింగ్‌హామ్ షో నవంబరులో తొమ్మిది రోజులు సాగుతుంది, బ్రిటన్ వీసా వేరే తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో బంధువులు ఉన్నవాళ్లు చూసి రావచ్చు.

కాబట్టి ఒక్కరే వెళ్తున్నా, బైక్ పరిశ్రమలో పని చేస్తున్నా మిలాన్ వెళ్లండి. గురువారమే వెళ్లండి, శనివారం వద్దు. నలుగురు కలిసి వెళ్తున్నారు, అందులో ఒకరైనా తర్వాతి బండి ఏదో తేల్చుకోవాలనుకుంటున్నారు అంటే టోక్యో. శుక్రవారం మధ్యాహ్నం షో, శనివారం ఇంకోసారి షో, మంగళవారం హమామత్సు, ఆ తర్వాత ఒక రోజు హకోనే అని వేసుకోండి.

మా మిత్రుడు తిరిగి వచ్చిన రెండు నెలలకు హిమాలయన్ 450 తీసుకున్నాడు. సీటును 845కు కూడా పెంచుకోవచ్చు, అతను 825 దగ్గరే ఉంచుకున్నాడు. టోక్యోలో దాని మీద రెండు మడమల కిందా వేలెడు సందు మాత్రమే ఉందని ముగ్గురం చూశాం, ఫోన్‌లో రాసి పెట్టుకున్నాం. మొన్న అరకు ఘాట్‌లో మా ముందు అతనే వెళ్లాడు.