స్కూబా నేర్చుకోవడానికి ఆన్‌లైన్ ప్యాకేజీ కొంటున్నారా? కాస్త ఆగి ఇది చదవండి

ముందే చెప్పేస్తాను, నాకేమీ కాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. పోయినవి డబ్బులూ, రెండు నెలల సాయంత్రాలూ. అయితే నాకేమీ కాకపోవడం నేను కొన్న కోర్సు పుణ్యం కాదు. పూల్‌లో నా భుజం పట్టీ పట్టుకుని ఆపేసిన ఇన్‌స్ట్రక్టర్ పుణ్యం.

నేను స్వతహాగా భయస్తుణ్ణి. వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళలో దిగేలోపు చదవాల్సిందంతా చదివేయాలనుకునే రకం. నా బోటివాళ్ళ కోసమే అన్నట్టు ఒక ప్యాకేజీ కనబడింది. నలభై వీడియోలు, మూడు పీడీఎఫ్‌లు, చివర్లో సర్టిఫికెట్, జీవితాంతం చూసుకోవచ్చట. పైగా 'భయం ఉన్నవాళ్ళకి ప్రత్యేకం' అని రాసుంది. అరచేతిలో వైకుంఠం చూపించారు, నేను చూసేశాను. అమ్మినవాళ్ళ పేరు ఇక్కడ రాయను. ఇలాంటివాళ్ళు పేరు మార్చుకుని మళ్ళీ వస్తారు కాబట్టి, సరుకు ఎలా ఉంటుందో చెప్పడమే మీకు ఎక్కువ పనికొస్తుంది.

సర్టిఫికెట్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. దానికి విలువ లేదు. డైవింగ్‌లో థియరీ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, అందులో తప్పేం లేదు, పెద్ద శిక్షణ సంస్థలన్నీ అలాగే చేయిస్తున్నాయి. కానీ ఆ తర్వాత పూల్‌లోనో, పూల్ లాంటి ప్రశాంతమైన నీళ్ళలోనో ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగా అన్నీ చేసి చూపించాలి. ఆ తర్వాత బయటి నీళ్ళలో డైవ్‌లు చేయాలి, చాలా సంస్థల్లో ఇవి కనీసం నాలుగు. అప్పుడే డైవర్‌గా గుర్తింపు కార్డు. తడవకుండా డైవర్‌ని చేస్తామన్నవాళ్ళని అక్కడే వదిలేయండి. నేను వదల్లేదు, 'సర్టిఫికెట్ బోనస్ కదా, పాఠాలు చాలు' అనుకున్నాను. అసలు తిప్పలు పాఠాల్లోనే ఉన్నాయి.

మొదటిది ఊపిరి. ఏడో వీడియోనో ఎనిమిదో వీడియోనో గుర్తులేదు గానీ, 'గాలి ఎక్కువసేపు రావాలంటే పీల్చాక నాలుగైదు సెకన్లు బిగబట్టి వదలండి' అని చెప్పాడు. వినడానికి ఎంతో తెలివైన చిట్కాలా ఉంది. రోజూ కుర్చీలో కూర్చుని ప్రాక్టీసు చేశాను కూడా. తర్వాత అసలు క్లాసులో చేరాను. మూడు మీటర్ల లోతు పూల్‌లో, అడుగున మోకాళ్ళ మీద ఉన్నప్పుడు అలవాటుగా నిండా పీల్చి బిగబట్టాను. ఒళ్ళు తేలికై పైకి లేవడం మొదలుపెట్టింది. మా ఇన్‌స్ట్రక్టర్ ఒక్క ఊపులో వచ్చి పట్టీ పట్టుకుని, రెండో చేత్తో నోటి దగ్గర 'వదులు, వదులు' అని సైగ చేశారు. పైకొచ్చాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: 'ఊపిరి బిగబట్టమని మీకు ఎవరు చెప్పారండీ?'

స్కూబాలో అన్నిటికన్నా ముందు నేర్పే నియమమే ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదని. కారణం చాలా సాదాది. సముద్రంలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. పైన ఒకటైతే పది మీటర్ల దగ్గర రెండు, ముప్పైలో నాలుగు. మనం సిలిండర్ నుంచి పీల్చేది ఆ లోతుకు తగ్గ పీడనంలో ఉన్న గాలి. దాన్ని లోపల మూసిపెట్టి పైకి వస్తే అది వ్యాకోచిస్తుంది. ముప్పై నుంచి ఇరవైకి వస్తే మూడో వంతు పెరుగుతుంది. పది నుంచి పైకి వస్తే ఏకంగా రెట్టింపు. అంటే ఎక్కువ ప్రమాదం అడుగున కాదు, పైపై నీళ్ళలోనే. నేనున్న మూడు మీటర్ల నుంచి పైకి వచ్చినా మూడు పాళ్ళున్న గాలి దగ్గరదగ్గర నాలుగు పాళ్ళవుతుంది. నిండా ఉన్న ఊపిరితిత్తులకి ఆ మాత్రం చాలు చిరగడానికి. ఒక మనిషి ఎత్తు కూడా లేని నీళ్ళలో కూడా ఇది జరగొచ్చు. అక్కడినుంచి గాలి బుడగ రక్తంలో చేరి మెదడుకి వెళ్ళగలదు. పూలే కదా అని తీసిపారేయకండి.

పోనీ ఆ చిట్కాతో గాలైనా ఆదా అవుతుందా అంటే అదీ లేదు. బిగబడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. తలనొప్పి, ఆయాసం, ఆ ఆయాసంతో కంగారు, ఆ కంగారుతో ఇంకా ఎక్కువ గాలి. కుర్చీలో రెండు నెలలు నేర్చుకున్న ఈ అలవాటు పోగొట్టుకోవడానికి నాకు మూడు సెషన్లు పట్టింది. పక్కన ఏమీ చదవకుండా వచ్చిన కుర్రాడు మొదటి రోజే హాయిగా పీలుస్తూ కూర్చున్నాడు. ఖాళీ పలక మీద రాయడం తేలిక, తప్పుగా రాసింది చెరిపి రాయడమే కష్టం.

రెండోది ఇంకా ఘోరం. ఇంటికొచ్చి మిగతా పాఠాలన్నీ అనుమానంతో తిరగేస్తే దొరికింది. రెండో పీడీఎఫ్‌లో 'సులువైన సూత్రం' అని ఒక పెట్టెలో ఉంది: 'లోతు, నిమిషాలు కలిపితే 120 దాటకూడదు. ఇది గుర్తుంటే పట్టికలు అక్కర్లేదు.' అంతే. ఏ లోతులో ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పే పట్టికల బదులు ఇదన్నమాట. లోతు ఏ కొలతలో అన్నది లేదు. ఆ పీడీఎఫ్ మొత్తం మీటర్లలోనే ఉంది కాబట్టి మీటర్లే అనుకుంటాం కదా?

120 సూత్రం నిజంగానే ఉండేది. పాత రోజుల్లో అమెరికా నేవీ పట్టికలని బట్టి డైవర్లు వాడుకున్న లెక్క అది, కానీ అడుగుల్లో. 60 అడుగుల లోతులో 60 నిమిషాలు, 80 అడుగుల్లో 40. అదీ ఆ రోజు చేసే మొదటి డైవ్‌కి మాత్రమే. ఇప్పుడు అదే సూత్రంలో మీటర్లు పెట్టి చూడండి. 18 మీటర్ల దగ్గర 102 నిమిషాలు ఉండొచ్చని వస్తుంది. వినోద డైవర్ల కోసం ప్యాడీ సంస్థ ఇచ్చే పట్టికలో 18 మీటర్లకి ఉన్నది 56 నిమిషాలు. ప్యాడీ అంటే వరి కాదు, 1966లో మొదలైన శిక్షణ సంస్థ. ముప్పై మీటర్లకి ఈ పీడీఎఫ్ లెక్క 90 నిమిషాలు, ఆ పట్టికలో 20. ఆ హద్దు దాటితే ఒంట్లో కరిగిన నైట్రోజన్ వదిలించుకోవడానికి మధ్యమధ్య ఆగుతూ పైకి రావాలి. ఆ పద్ధతి కొత్తవాళ్ళకి నేర్పరు. తెలియకుండా నేరుగా వచ్చేస్తే కీళ్ళ నొప్పుల దగ్గర్నుంచి కాళ్ళు చచ్చుబడడం దాకా ఏదైనా కావచ్చు.

'ముప్పైలో 90 నిమిషాలకి సిలిండరే రాదు కదా, గాలి అయిపోయి ఎలాగూ పైకొస్తాం' అని ఒక మిత్రుడు అన్నాడు. లెక్క వేశాను. 12 లీటర్ల సిలిండర్, 200 బార్ పీడనం, అంటే సుమారు 2,400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి ముప్పై మీటర్లలో నాలుగింతలు, 80 లీటర్లు లాగుతాడు. అరగంట. మామూలుగా అట్టేపెట్టుకోవాల్సిన 50 బార్ కూడా అందులో హరీ. గాలి పూర్తిగా అయిపోయేలోపే 20 నిమిషాల హద్దు దాటేశాడు. కాబట్టి ఆ ధీమా కుదరదు.

ఎవరో అడుగుల పుస్తకం ఒకటి, మీటర్ల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని కత్తిరించి అతికించారని నాకర్థమైంది. తర్వాత మిగతా అతుకులు కూడా కనబడ్డాయి. ఒక వీడియోలో ఇద్దరు ఒకే మౌత్‌పీస్ నుంచి వంతులవారీగా పీలుస్తుంటారు. ఇప్పుడు సిలిండర్ గాలిని నోటికి అందించే ప్రతి రెగ్యులేటర్ సెట్‌కీ అవతలివాడి కోసం ఆక్టోపస్ అనే రెండో మౌత్‌పీస్ ఉంటుంది, వీడియో ఏ కాలంనాటిదో దాంతోనే తెలిసిపోవాలి. పైకి వచ్చే వేగం ఒకచోట నిమిషానికి 18 మీటర్లని ఉంది, ఇంకోచోట 9 అని ఉంది. రెండూ గాలిలోంచి పుట్టినవి కావు. 18 పాత అంకె, దాన్ని ఇప్పటికీ గరిష్ఠ హద్దుగా ఉంచిన సంస్థలున్నాయి. ఎక్కువమంది చెప్పేది మాత్రం 9 నుంచి 10. ఆ తేడా ఎందుకో చెప్పకపోతే కొత్తవాడు తనకి నచ్చిన అంకె పట్టుకుంటాడు. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ గురించి ఒకే ఒక్క వాక్యం.

ఆరోగ్య ప్రశ్నావళి అసలే లేదు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్, గర్భం లాంటివి ఉంటే డాక్టరు సంతకం లేకుండా ఏ మంచి స్కూలూ నీళ్ళలోకి దింపదు. 'భయం ఉన్నవాళ్ళకి ప్రత్యేకం' అన్న ప్యాకేజీలో ఆ పేజీ లేకపోవడం చూశాక నాకు కోపం కూడా రాలేదు, నవ్వొచ్చింది.

డబ్బు వెనక్కి అడిగాను. 'సగం కంటే ఎక్కువ చూసేశారు కాబట్టి కుదరదు' అన్నారు. 120 సూత్రం తప్పు అని స్క్రీన్‌షాట్‌తో సహా రాశాను. జవాబుగా నా లాగిన్ ఆగిపోయింది. జీవితాంతం అన్నది ఎవరి జీవితమో చెప్పలేదు మరి.

ఇక మీ సంగతి. ముందు ప్యాకేజీ కొని తర్వాత స్కూల్ వెతకడం నేను చేసిన పొరపాటు. తిరగేసి చేయండి. ముందు ఇన్‌స్ట్రక్టర్‌ని చూసుకోండి, ఆయన ఇన్‌స్ట్రక్టర్ నంబరు తీసుకుని ఆయన శిక్షణ సంస్థ వెబ్‌సైట్‌లో ప్రస్తుతం పనిలో ఉన్నారో లేదో సరిచూసుకోండి, ఆ తర్వాత వాళ్ళు చెప్పిన పుస్తకమో ఈ-లెర్నింగ్ కోడో కొనండి. ఒక సంస్థ కోడ్ కొని ఇంకో సంస్థ స్కూల్లో చేరితే మళ్ళీ డబ్బు కట్టాల్సి రావచ్చు. తక్కువకి వస్తుందని ఎవరో వాడిన కోడ్ కొనకండి, అది ఒక మనిషి పేరు మీదే ఉంటుంది. పాత పుస్తకం అయితే ఏ సంవత్సరపు ముద్రణో చూడండి.

అదనంగా చదవాలనిపిస్తే, డైవర్ల భద్రత కోసం 1980లో మొదలైన డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ తన వెబ్‌సైట్‌లో డైవింగ్ వైద్యం మీద బోలెడు వ్యాసాలు ఉచితంగా పెట్టింది. ఇప్పుడు నేను ఏ వీడియో చూసినా ఒక చిన్న పరీక్ష పెడుతున్నాను. డైవ్ తర్వాత విమానం ఎక్కడానికి ఎంతసేపు ఆగమంటున్నారు? ఒక్క డైవ్‌కి కనీసం 12 గంటలు, వరసగా కొన్ని చేస్తే 18 అన్న మాట అందులో ఉండాలి. ఆ ఊసే లేకుండా 'పూర్తి కోర్సు' అంటే అక్కడే ఆపేస్తున్నాను.

మిగతా పీడీఎఫ్‌లు రెండూ చెరిపేశాను. 120 ఉన్న పేజీ మాత్రం ప్రింట్ తీసి మా ఇన్‌స్ట్రక్టర్‌కి ఇచ్చాను. కొత్త బ్యాచ్ మొదటి రోజున దాన్ని ముందు పెట్టి, ఇందులో ఏం లేదో చెప్పమని అడుగుతున్నారట. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదట.