ట్రంపెట్‌కు ప్రాక్టీస్ మ్యూట్: ఐదేళ్ల వాడకం తరువాత

నేను విశాఖపట్నం కంచరపాలెంలో ఒక పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాను. డిసెంబరు వచ్చిందంటే చర్చి కార్యక్రమాలకు కూడా వెళతాను. 2020 జూన్‌లో 1,800 రూపాయలు పెట్టి తెప్పించుకున్న అల్యూమినియం ప్రాక్టీస్ మ్యూట్, అంటే ఇంట్లో సాధనకు శబ్దం తగ్గించే బిరడా లాంటిది, ఒకటి నేటికీ నా వాద్యం పెట్టెలో ఉంది. ఐదేళ్లకు పైగా వాడాను కనుక దాని మంచిచెడ్డలు ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. తయారీదారు పేరు రాయకపోవడానికి కారణం ఒక్కటే, ఆ వస్తువు మీద ఏ పేరూ లేదు. ఇదే ఆకారంలో ఉన్న మ్యూట్లు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి కాబట్టి నేను చెప్పేది చాలావరకు వాటికీ వర్తిస్తుంది.

మా వృత్తిలో పని లేని రోజులు కొత్తవి కావు. ఆషాఢం, మూఢం, శూన్యమాసం ఎప్పుడు వస్తాయో పంచాంగం ముందే చెబుతుంది, మేము కూడా ఇంటి ఖర్చును దానికి తగ్గట్టుగానే సర్దుకుంటాము. 2020లో వచ్చిన విరామం అలాంటిది కాదు. మార్చి 25న, సరిగ్గా శార్వరి ఉగాది నాడు, లాక్‌డౌన్ మొదలైంది. వైశాఖ ముహూర్తాలకు తీసుకున్న బయానాలన్నీ తిరిగి ఇచ్చేశాము. మళ్లీ ఎప్పుడు వాయిస్తామో చెప్పగల పంచాంగం ఏదీ లేదు. మొదటి రెండు వారాలు నేను పెట్టె తెరవనే లేదు. మూడో వారంలో తెరిచి ఊదితే పై షడ్జం పలకడానికి ముందు గాలి మాత్రమే బయటికి వచ్చింది. ట్రంపెట్‌లో స్వరాన్ని పుట్టించేది మౌత్‌పీస్‌లో కంపించే పెదవులే. నోటి చుట్టూ ఉండే కండరం పట్టు తప్పితే వేళ్లు ఎంత చురుకుగా ఉన్నా ప్రయోజనం లేదు. ఆ కండరం సడలడానికి పది పదిహేను రోజులు చాలు, తిరిగి దారికి తెచ్చుకోవడానికి అంతకు రెట్టింపు కాలం పడుతుంది.

సాధన మొదలుపెడదామంటే చోటు లేదు. మేముండేది అక్కయ్యపాలెంలో, నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. పక్క ఇంటికీ మాకూ మధ్య ఉన్నది ఒకటే గోడ. అందరూ ఇళ్లలోనే ఉండిపోయిన ఆ రోజుల్లో పిల్లలకు ఫోనులో పాఠాలు, పెద్దలకు ఇంటి నుంచే ఉద్యోగాలు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ అని నిబంధన ఉంది. గదిలో ట్రంపెట్ ఊదితే ఒక మీటరు దూరంలో నా ఫోను 95 దాకా చూపించింది. మొదట బెల్‌లో, అంటే ట్రంపెట్ ముందువైపు వెడల్పాటి మూతిలో, తువ్వాలు కుక్కి చూశాను. శబ్దం తగ్గిన మాట నిజమే గానీ స్వరం ఎక్కడ నిలబడిందో తెలియలేదు, తడిసిన నూలు పోగులు బెల్‌లో అంటుకోవడం మరో తలనొప్పి. మ్యూట్ కొనడం ఆ తరువాతి మాట.

వేదిక మీద వాడే మామూలు స్ట్రెయిట్ మ్యూట్‌కు మూడు కార్కు పట్టీలు ఉంటాయి. వాటి మధ్య సందుల గుండా గాలి, శబ్దం రెండూ బయటికి వస్తాయి. ప్రాక్టీస్ మ్యూట్‌కు మాత్రం చుట్టూ తెగకుండా ఒకే కార్కు వలయం ఉండి బెల్‌ను పూర్తిగా మూసేస్తుంది, గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రమే మిగులుతుంది. శబ్దం తగ్గడానికీ, తరువాత నేను చెప్పబోయే ఇబ్బందులన్నిటికీ మూలం ఈ ఒక్క అమరికే. కార్కు మీద ఒకసారి నోటి ఆవిరి ఊది, బెల్‌లో పెట్టి, కొద్దిగా తిప్పి బిగిస్తే గట్టిగా కూర్చుంటుంది. ఇది తెలియక మొదటి వారంలోనే రెండుసార్లు కింద పడేశాను. ఒక పక్క సొట్ట పడింది గానీ పనితీరులో తేడా ఏమీ రాలేదు.

శబ్దం విషయంలో దీనికి పూర్తి మార్కులు వేస్తాను. ఫోనులోని డెసిబెల్ లెక్కను అక్షరాలా నమ్మలేము గానీ, అదే గదిలో అదే దూరంలో 95 చూపించినది మ్యూట్ పెట్టాక 70 లోపే ఆగింది. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి శబ్దం దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది, ఆ లెక్కన ఈ తగ్గుదల ఎంతటిదో ఊహించుకోవచ్చు. నెల రోజుల తరువాత పక్కింటి పిన్నిగారు మెట్ల మీద ఎదురుపడి, "ఏం బాబూ, ఈమధ్య బాకా ఊదడం మానేశావా? పోనీలే, మంచి రోజులు వస్తాయి" అని ఓదార్చారు. అప్పటికి రోజూ నలభై నిమిషాలు సాధన చేస్తున్నాను. ఇంతకంటే యోగ్యతాపత్రం ఈ వస్తువుకు అక్కరలేదు.

అసలు చిక్కు శ్రుతి దగ్గర మొదలవుతుంది. మ్యూట్ పెట్టగానే వాద్యం శ్రుతి పైకి పోతుంది. నా ట్రంపెట్ మీద ట్యూనర్ (శ్రుతి కొలిచే సాధనం) 20 సెంట్లు ఎక్కువ చూపించింది, అంటే అర్ధస్వరంలో అయిదో వంతు. దీనికి సులువైన విరుగుడు ట్యూనింగ్ స్లైడును, అంటే శ్రుతి సవరించడానికి జరిపే గొట్టం ముక్కను, సుమారు ఒక సెంటీమీటరు బయటికి లాగడం. స్లైడుకు రెండు కాళ్లు ఉంటాయి కనుక సెంటీమీటరు లాగితే గొట్టం పొడవు రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 148 సెంటీమీటర్ల బి ఫ్లాట్ ట్రంపెట్‌కు ఆ మాత్రం చాలు. నేను మాత్రం మొదటి మూడు నెలలు స్లైడు ముట్టుకోలేదు. ట్యూనర్ వైపు చూస్తూ పెదవితోనే స్వరాన్ని కిందికి వంచుకుంటూ పోయాను, అదే సాధన అనుకున్నాను. దాని ఫలితం తరువాత అనుభవించాను.

స్లైడు సవరించినా అన్ని స్వరాలూ సమానంగా దారికి రావు. మా మాస్టారు నేర్పిన పద్ధతిలో నేను ఇప్పటికీ మాయామాళవగౌళలో సరళీ వరుసలు, జంట వరుసలతోనే సాధన మొదలుపెడతాను. ట్రంపెట్ మీద ఈ రాగం వేళ్ల లెక్క చిత్రంగా ఉంటుంది. వాద్యానికి మూడు వాల్వులు ఉంటాయి, వేలితో నొక్కితే ఒక్కొక్కటి గొట్టం పొడవు పెంచి స్వరాన్ని దించుతుంది. వాల్వు ఏదీ నొక్కకుండా షడ్జం, మూడూ కలిపి నొక్కితే రిషభం, ఒకటి రెండు గాంధారం, ఒకటి మధ్యమం, మళ్లీ ఏదీ లేకుండా పంచమం, రెండు మూడు ధైవతం, రెండు నిషాదం. అంటే సా నుంచి రి కి పోవడానికి మూడు వేళ్లూ ఒక్కసారిగా దిగాలి, పాడేవారికి మొదటి మెట్టు అయినది మాకు అన్నిటికంటే ఎత్తైన మెట్టు. పైగా మూడు వాల్వులు కలిపిన స్వరం మ్యూట్ లేకపోయినా శ్రుతి ఎక్కువే పలుకుతుంది. మూడూ కలిపి నొక్కితే స్వరం ఆరు అర్ధస్వరాలు కిందికి దిగాలి, అందుకు గొట్టం 41 శాతం పెరగాలి. ఒక్కొక్క వాల్వు తన మట్టుకు సరిగ్గా ఉన్నా మూడూ కలిపి చేర్చే పొడవు 37 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఆ లోటు పూడ్చడానికే మూడో వాల్వు స్లైడుకు ఉంగరం ఉంటుంది, వాయిస్తూనే వేలితో దాన్ని బయటికి నెట్టాలి. మ్యూట్ ఈ పాత లోపాన్ని ఇంకాస్త పెంచుతుంది. కింది స్థాయిలో రిషభం నా దగ్గర 35 సెంట్ల దాకా పైకి పోయింది, వెంటనే అదుపు తప్పి వణికింది కూడా. కాబట్టి కింది స్వరాలను మ్యూట్‌తో దీర్ఘంగా నిలపడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. వేళ్ల వేగానికి, స్వరాలను విడదీసే నాలుక దెబ్బలకు, మధ్య స్థాయి వరుసలకు మాత్రం అది బాగా పనికివస్తుంది.

రెండో చిక్కు గాలి ఒత్తిడి. రంధ్రం చిన్నది కనుక ఊదిన గాలి సులువుగా బయటికి పోక ఎదురు తన్నుతుంది. ఇది పెదవికి మంచి వ్యాయామమని కొందరు చెబుతారు, నేనూ మొదట అలాగే నమ్మాను. కొన్నాళ్లకు గొంతు బిగబట్టి తోయడం అలవాటైపోయింది. సాధన రికార్డు చేసి మాస్టారికి పంపితే ఆయన పూర్తిగా విన్నాక, "ఊదుతున్నావు గానీ వాయించడం లేదురా" అన్నారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. ఆ మాటకు అర్థం 2020 చివరిలో, నిబంధనల మధ్య దొరికిన మొదటి పెళ్లి ఊరేగింపులో తెలిసింది. ఎదురొత్తు లేని వాద్యంలోకి పాత బలంతోనే ఊదాను. అరగంటలో పెదవి వాచింది. అంతకంటే అవమానం ఏమిటంటే, మ్యూట్ కోసం స్వరాన్ని కిందికి వంచే అలవాటు అలాగే ఉండిపోయి ఊరేగింపు పొడవునా నా శ్రుతి దిగిపోయింది. క్లారినెట్ వాయించే అన్నయ్య నడుస్తూనే మోచేత్తో రెండుసార్లు పొడిచాడు.

ఆ తరువాత నా పద్ధతి మార్చుకున్నాను. 2021 మేలో రాష్ట్రంలో మళ్లీ కర్ఫ్యూ పెట్టి మధ్యాహ్నం పన్నెండు తరువాత కదలికలు ఆపేసినప్పుడు ఆ మార్పు ఫలితం కనబడింది. ఉదయం పది నిమిషాలు మౌత్‌పీస్ మాత్రమే, తరువాత ఇరవై నిమిషాలకు మించకుండా మ్యూట్‌తో వేళ్ల సాధన, చివర అయిదు నిమిషాలు మ్యూట్ తీసి, తలుపులు మూసి, పరుపు వైపు బెల్ తిప్పి అతి మెల్లగా దీర్ఘ స్వరాలు. ఈ చివరి అయిదు నిమిషాలు ఎంత ముఖ్యమో చెప్పలేను. మెల్లగా వాయిస్తూ స్వరాన్ని చెదరకుండా నిలపడం గట్టిగా వాయించడం కంటే కష్టం. మ్యూట్ ఎంతసేపు వాడినా ఆ విద్యను నేర్పలేదు, పెదవి కంపనంలోని చిన్న లోపాలను అది కప్పేస్తుంది.

ఆంక్షలు సడలాక ఆదివారాలు తెల్లవారుజామున సముద్రం ఒడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆర్.కె. బీచ్‌లో నడిచేవారు ఎక్కువ, ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరితే అది సాధన కాక ప్రదర్శన అవుతుంది. జోడుగుళ్ళపాలెం వైపు కొంత ప్రశాంతంగా ఉంటుంది. ఆరుబయట వాయిస్తే ధ్వని తిరిగి చెవికి రాదు కాబట్టి వాయిద్యకారుడు తెలియకుండానే బలం పెంచుతాడు, ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఒకరోజు ఇసుకలోనే పెట్టె తెరిచి వాల్వులకు నూనె వేశాను. ఒక్క ఇసుక రేణువు రెండో వాల్వులో పడి, పిస్టన్ మీద గీత పడే దాకా ఇరుక్కుంది. అప్పటి నుంచి నూనె వేయడం ఇంట్లోనే.

సముద్రపు గాలి ఊళ్లో ఎక్కడున్నా వదలదు. మ్యూట్ పెట్టి ఊదినప్పుడు తేమ మామూలు కంటే ఎక్కువగా లోపల నిలుస్తుంది, నాలుగైదు నిమిషాలకు ఒకసారి వాటర్ కీ (లోపలి నీరు వదిలే మీట) నొక్కి తీసేయకపోతే స్వరంలో గురగుర వినబడుతుంది. సాధన అయ్యాక మ్యూట్‌ను బెల్‌లోనే వదిలేస్తే చిలుము ఖాయం. రెండు వారాలకోసారి వాల్వులు విప్పి గోరువెచ్చని నీటితో గొట్టాలు కడుగుతాను, మరీ వేడి నీరు పోస్తే లక్క పూత లేస్తుంది. మా అమ్మ మొదటిసారి ట్రంపెట్‌ను చూసి, "ఇత్తడే కదరా, బిందెలతో పాటు చింతపండు పెట్టి తోమేస్తాను ఉండు" అని చేతిలోకి తీసుకుంది. సమయానికి నేను ఇంట్లో ఉండబట్టి సరిపోయింది.

మ్యూట్‌లో ముందుగా పాడయ్యేది కార్కు. మన తేమకు జిగురు వదిలి పద్దెనిమిది నెలల్లోనే వలయం ఊడిపోయింది. అసలు విడిభాగం దొరకలేదు. ఆటో విడిభాగాల దుకాణంలో గాస్కెట్ల కోసం అమ్మే మూడు మిల్లీమీటర్ల కార్కు షీటు తెచ్చి, పట్టీగా కోసి, చెప్పులకు వాడే రబ్బరు జిగురుతో అంటించి, గరుకు కాగితంతో రుద్దాను. ఖర్చు వంద రూపాయల లోపే అయింది, మొదటి కార్కు కంటే ఇదే ఎక్కువ కాలం నిలిచింది. అతుకు దగ్గర సందు ఉండకుండా చూసుకోవాలి, సందు ఉంటే అక్కడి నుంచి ఈల లాంటి శబ్దం వస్తుంది.

మైకు, హెడ్‌ఫోన్ అమర్చిన రకాలు కూడా ఉన్నాయి. యమహా వారి సైలెంట్ బ్రాస్ ఆ కోవలోనిదే. నాలాంటి పెళ్లి బ్యాండు మనిషికి ఆ ధర బరువు కాబట్టి నేను కొనలేదు, దాని గురించి చెప్పే అర్హత నాకు లేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మాత్రం మొదటి సంవత్సరం ఏ మ్యూటూ కొనివ్వవద్దని తల్లిదండ్రులకు చెబుతాను. తన స్వరం ఎలా ఉండాలో చెవికి తెలియక ముందే దాన్ని మూసేస్తే పిల్లవాడికి మిగిలేది గొంతు బిగింపే. నాలుగైదేళ్లు వాయించినవారు, గోడ పంచుకునే ఇంట్లో ఉన్నవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

ఇప్పుడు నేను దీన్ని ఆషాఢంలో, మూఢాల్లో తీస్తాను. శ్రావణ ముహూర్తాలకు వారం రోజుల ముందు పెట్టెలో పెట్టేసి, ట్యూనింగ్ స్లైడును మళ్లీ దాని పాత గుర్తు దాకా నెడతాను. ఆ గుర్తును పెన్సిలుతో నేనే గీసుకున్నాను.