పాత కారు ముందు చక్రాల బేరింగ్ కిట్: వాడి చూశాక

ముందు ఎడమ చక్రం నుంచి గుయ్‌మని మోత మొదలైంది, స్పీడు పెరిగేకొద్దీ అదీ పెరిగేది, అందుకే ఈ టేపర్ రోలర్ బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా చేసే, ఏటవాలు రోలర్లున్న భాగం) కిట్ తెప్పించి ఇంట్లోనే మార్చాను. లోపలి, బయటి బేరింగులు, వాటి కప్పులు (బేరింగు కూర్చునే బయటి రింగులు), గ్రీజు సీలు, నట్టు ఊడకుండా పెట్టే కాటర్ పిన్ను అన్నీ ఉన్నాయి. కప్పులు కూడా ఇవ్వడం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అరిగిన పాత కప్పులో కొత్త బేరింగు వేస్తే అదీ త్వరగానే పాడవుతుంది. పాత కప్పుల్ని ఇత్తడి కడ్డీతో కొట్టి తీయడానికే ఎక్కువసేపు పట్టింది. గ్రీజు మాత్రం కిట్‌లో లేదు. వీల్ బేరింగ్ గ్రీజు విడిగా కొని, రోలర్ల మధ్య నిండేదాకా అరచేత్తో కూరాలి.

అసలు టెన్షన్ అంతా బేరింగును పట్టి ఉంచే నట్టు బిగింపులోనే. చక్రం తిప్పుతూ బిగించి, బేరింగు సరిగ్గా కూర్చున్నాక వదులు చేసి, మళ్లీ వేళ్లతోనే బిగించి పిన్ను పెట్టాను. మరీ బిగిస్తే వేడెక్కి కాలిపోతుంది, వదులైతే చక్రం ఊగుతుంది, కాబట్టి మీ కారు మాన్యువల్‌లో ఎలా చెబితే అలాగే చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, కారు కింద స్టాండు తప్పనిసరి.

సీలు రబ్బరు కాస్త పల్చగా అనిపించింది. మోత మాత్రం పూర్తిగా పోయింది.