రెండు రోజుల క్లాసు, ఒక పేజీ టేబుల్

చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతిలో ఓ చిన్న ఇన్‌స్టిట్యూట్‌లో వీకెండ్ వర్చువలైజేషన్ (ఒకే మెషిన్‌లో ఇంకో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్‌తో నడిపించడం) క్లాసుకు వెళ్లొచ్చాను. ఫీజు 1,500. గిట్టుబాటైందనే చెప్తాను.

సార్ చెప్పే తీరు బాగుంది. గెస్ట్ కెర్నల్, అంటే అలా లోపల నడిచే ఓఎస్ గుండెకాయ, తన మెమరీ సున్నా నుంచి మొదలవుతుందని నమ్ముతుంది. అసలు ర్యామ్‌లో ఆ పేజీలు (మెమరీ ముక్కలు) ఎక్కడెక్కడో ఉంటాయి. "అద్దెకున్నవాడు 'మా మొదటి గది' అంటాడు, అది ఏ అంతస్తులో ఉందో ఓనరు పుస్తకంలో ఉంటుంది" అన్నారు. ఆ పుస్తకమే ఇంటెల్ ప్రాసెసర్లలో ఈపీటీ (ఎక్స్‌టెండెడ్ పేజ్ టేబుల్స్), ఏఎండీలో ఎన్‌పీటీ (నెస్టెడ్ పేజ్ టేబుల్స్). ఇవి రాకముందు హైపర్‌వైజరే (గెస్ట్‌లను నడిపించే సాఫ్ట్‌వేర్) షాడో పేజీ టేబుల్స్ అని తన సొంత టేబుల్స్ రాసుకుంటూ, గెస్ట్ తన టేబుల్ మార్చినప్పుడల్లా వాటిని సరిచూసుకోవాల్సి వచ్చేదట. ఇప్పుడు ఆ గొడవ లేదు. కానీ టీఎల్‌బీలో (ఈమధ్య వెతికిన అడ్రస్‌లను ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే చోటు) అడ్రస్ దొరక్కపోతే, గెస్ట్ వైపు, హైపర్‌వైజర్ వైపు నాలుగేసి మెట్ల టేబుల్స్ ఉన్నప్పుడు, మెమరీని 24 సార్లు దాకా తాకాలి. 2 ఎంబీ పేజీలు వాడితే మెట్లు తగ్గుతాయని బోర్డు మీద లెక్కేసి చూపించారు. అక్కడే నాకు బల్బు వెలిగింది.

గెస్ట్ బూట్ అయ్యాక డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాలు చూపించే లినక్స్ కమాండ్) ఈ820 మ్యాప్, అంటే ఏ మెమరీ వాడుకోవచ్చో బయోస్ ఇచ్చే జాబితా, చూశాం. 640 కేబీ దగ్గర వాడుకోలేని ఓ కంత, మళ్లీ 1 ఎంబీ నుంచి వాడుకునే మెమరీ. పాతకాలం పీసీ వేషం వేసినట్టుంది.

ల్యాబ్ మాత్రం దండగ. సగం మెషిన్లలో బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లోనే ఉంది, గంట అక్కడే పోయింది. ఏసీ కూడా పనిచేయలేదు, తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా. సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి.