శ్రీశైలం నీటిమట్టాల చార్టుకు డైగ్రాఫ్స్ జూమ్ పెట్టాను

శ్రీశైలం డ్యామ్ రోజువారీ నీటిమట్టాలు ఇరవై ఏళ్లవి ఒకే చార్టులో గీస్తే రంపం పళ్లలా కనిపిస్తాయి, ఏటా ఒకసారి పైకి, ఒకసారి కిందికి. 2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా వరదకు నీళ్లు 885 అడుగుల పూర్తిమట్టం దాటిన ఆ కొద్ది రోజులు అందులో సన్నని ముల్లు, అంతే. ఇన్నాళ్లూ ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చార్టులు గీసే జీజీప్లాట్‌లో తేదీలు మార్చి, మళ్లీ గీసి, మళ్లీ మార్చి చూసుకునేదాన్ని.

ఇప్పుడు ఆర్‌లోనే, మౌస్‌తో జూమ్ చేయగలిగే చార్టులు గీసే డైగ్రాఫ్స్ ప్యాకేజీకి మారాను, ఉచితమే. మౌస్ నొక్కిపట్టి ఆ వారం మీదుగా లాగితే చాలు, ఆ రోజులే తెరంతా పరుచుకుంటాయి, డబుల్ క్లిక్ చేస్తే మొత్తం ఇరవై ఏళ్లూ తిరిగొస్తాయి, షిఫ్ట్ పట్టుకుని లాగితే పక్క నెలలకు జరగొచ్చు. డైరేంజ్‌సెలెక్టర్ అని ఒక్క లైను కలిపితే చార్టు కింద మొత్తం కాలం చిన్న బొమ్మగా వస్తుంది, ఎక్కడున్నామో తప్పిపోం.

నాకు బాగా నచ్చింది గ్రూప్ సంగతి. శ్రీశైలం, నాగార్జునసాగర్ రెండు చార్టులకూ ఒకే గ్రూప్ పేరు ఇచ్చాను. పైదాంట్లో జూమ్ చేస్తే కిందిది కూడా అవే తేదీలకు వస్తుంది, పైన వదిలిన నీళ్లు సాగర్‌లో ఎప్పుడు ఎక్కాయో కళ్లెదుటే కనిపిస్తుంది. మీ దగ్గర ఇలాంటి జంట డేటా ఉంటే తప్పకుండా చేసి చూడండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. జూమ్ చేసినప్పుడు నిలువు స్కేలు కనిపించే డేటాకు తగ్గట్టు తనే సర్దుకుంటుంది. వివరం చూడటానికి అది మంచిదే కానీ ఎండాకాలంలో అర అడుగు తగ్గినా కొండ మీంచి పడ్డట్టుంటుంది, నేను గీసిన 885 గీత కూడా తెర బయటికి పోతుంది. ఇతరులకు చూపించే చార్టయితే డైయాక్సిస్‌లో వ్యాల్యూరేంజ్‌ను, అంటే నిలువు స్కేలు హద్దులను, మొత్తం డేటా పట్టేలా కట్టేయండి.

డబుల్ క్లిక్ సంగతి తెలియనివాళ్లు జూమ్‌లో ఇరుక్కుంటారు, వాళ్ల కోసం డైఅన్‌జూమ్ పెడితే వెనక్కి వెళ్లే బటన్ వస్తుంది. 'గత 30 రోజులు' లాంటి బటన్లు మాత్రం సిద్ధంగా లేవు. అవే ముఖ్యమైతే ప్లాట్లీ అనే మరో చార్టుల ప్యాకేజీ తీసుకోండి, నేనైతే ఆ రెండు చార్టుల జత కోసం ఇక్కడే ఉంటున్నాను.